వస రాసిన నాలుక

సంచి జిప్పు సగం దాకా వచ్చి ఆగిపోయింది. సృజన మోకాలు పెట్టి నొక్కింది. లోపలి నుంచి పాత నేతచీర ముక్క ఒకటి బయటికి పొడుచుకొచ్చి జిప్పు పళ్ళలో ఇరుక్కుంది.

"సారక్కా, లోపలున్నామెకు చెప్పు. ఆ చీర నాది. ఈడ పెట్టి పొమ్మను."

ఇంటి ముందు సాయమానులో గోడకు ఆనుకుని కూర్చున్న పోశవ్వ అన్న మాట అది. ఆమె పక్కన బీడీల చాట నిన్నటి నుంచి అట్లాగే పడి ఉంది. కత్తిరించిన తునికాకు ఎండి అంచులు ముడుచుకుంది.

"సారికా, బయటున్నామెకు చెప్పు. అది కప్పందే నీకు నిద్ర పట్టదని చెప్పు. తీస్కపోతున్నమని చెప్పు."

సారిక గడప మీద కూర్చుని ఉంది. ఏడాదిన్నర పిల్ల. నిన్ననే పుట్టెంటికలు తీసిన గుండు మీద గంధం ఎండి పెచ్చులు లేస్తోంది. నాయనమ్మ వైపు చూసింది. తల్లి వైపు చూసింది. ఇద్దరూ తన పేరే పిలిచారు, ఇద్దరిలో ఒక్కరూ తనతో మాట్లాడలేదు. చేతిలోని ఆకు ముక్క పైకెత్తి, "ఆకు" అంది.

సృజన భర్త రాకేశ్ లక్సెట్టిపేట రోడ్డు మీద బండి జారి పడి చనిపోయిన నాటి నుంచి ఆ బొగ్గుబాయి కంపెనీ క్వార్టరులో మాట ఇట్లాగే నడుస్తోంది. పోశవ్వ కోడలిని పేరు పెట్టి పిలవదు. సృజన ఆమెను 'అత్తమ్మా' అనదు. ఒకరు 'లోపలున్నామె', ఒకరు 'బయటున్నామె'. చెప్పాల్సింది ఏదైనా పిల్ల నెత్తి మీదుగా పోవాలి.

గేటు ముందు కారు హారను మోగింది. తర్వాత నిరంజన్ లోపలికి వచ్చాడు. సృజన అన్న. జమ్మికుంట పత్తి మార్కెట్లో గుమాస్తా. పత్తి నాణ్యం చెప్పినట్టు తూకంగా మాట్లాడతాడు.

"ఇంకెంత సేపే? ఎండపొద్దుకు పిల్ల పరేషాన్ అయితది."

"జిప్పు పడ్తలేదన్నా."

"ఆ చీరముక్క తీసెయ్. మనింట్ల చీరలకు కరువా?"

పోశవ్వ చెంగుతో ముక్కు తుడుచుకుంది. "గదే నేనంటాన కొడుకా. నాది నాకు పెట్టి పొమ్మంటాన."

"అత్తా, నేను లొల్లి పెట్టుకోవద్దనుకున్న." నిరంజన్ తలుపు చెక్కకు ఆనుకున్నాడు. "మేనమామను, పిల్లను తొడ మీద కూసోపెట్టుకొని వెంటికలు తీయించిన. టెంటు కింద మీ వాళ్ళు, మావాళ్ళు అందరున్నరు. నా తొడ దిగి ఉర్కిన పిల్ల తల్లిని ఏమని పిలిచింది? నా నోటితోని అనుమంటవా?"

"అను. మొగోనివి గదా, అను."

నిరంజన్ సంచి వైపు చూపు తిప్పాడు.

ముండ అని పిలిచింది. రెండు చేతులూ చాపి, ఎత్తుకొమ్మని, ఉన్న నాలుగు పళ్ళూ బయటపెట్టి నవ్వుకుంటూ. బంతిలో కూర్చున్నవాళ్ళు మొదట నవ్వారు. మాంసం వడ్డిస్తున్న గరిటె గాలిలో ఆగింది. తర్వాత ఎవరూ నవ్వలేదు. సృజన పిల్లను అందుకోకుండా కొయ్యలాగా నిలబడింది. సారికకు ఏమీ తోచలేదు. అమ్మకు వినపడలేదనుకుందేమో, ఇంకా గట్టిగా పిలిచింది.

అంతకు ముందు కూడా అంటూనే ఉందని ఆ తర్వాత ఎవరో చెప్పారు. సృజన విననేలేదు. డ్యూటీ దిగి వచ్చి పిల్లను సంకనేసుకుంటుంది, రెండో చేత్తో ఫోను చెవికి పెట్టుకుంటుంది. జమ్మికుంటలో ఉన్న తల్లితో మాట్లాడితే గాని ఆమెకు పొద్దంతటి బరువు దిగదు. ఆ మాటలు చెవిలో పడుతుండగానే సారిక భుజం మీద నిద్రపోతుంది.

"నేను నేర్పిన్నట!" పోశవ్వ చాటను కాలితో దూరం నెట్టింది. "అవు, నేనే నేర్పిన. ప్రతి ఐతారం వసకొమ్ము అరగదీసి నాలికకు రాసిందెవ్వలు? జల్ది మాటలు రావాలెనని ఆ తల్లి సారక్కకు మొక్కి, ఆ పేరు పెట్టుకున్నదెవ్వలు? ఆకు అనుడు ఎవ్వలు నేర్పిండ్రు? మీ డిగ్రీ నేర్పిందా?"

ఆ మాట అబద్ధం కాదు. సారికకు మొదట వచ్చిన మాట ఆకే. బీడీల చాట పక్కన పెరిగిన పిల్లకు ఇంకేం వస్తుంది? కానీ ఆమెకు ఆకంటే తునికాకు ఒక్కటే కాదు. రొట్టె ఆకే. ఎవరైనా అరచెయ్యి చాపితే అదీ ఆకే. గోడకున్న రాకేశ్ ఫోటోను కూడా, పలుచగా ఉంటుంది గనుక, ఆకు అనే అంటుంది. ఒక మాట చిక్కిందంటే దానికి పోలిక ఉన్నవన్నీ తెచ్చి అందులో వేసుకుంటుంది.

"అది ఆకు అంటదని ఎవ్వలు ఏడుస్తలేరు," అంది సృజన లోపలి నుంచి.

"సారక్కా, మరి ఎందుకేడుస్తాందో అడుగు."

సృజన సంచి వదిలేసి లేచింది. గడప దాటి, సాయమాను దాటి, పిట్టగోడ దగ్గరికి పోయింది. పక్క క్వార్టరు వాకిట్లో కమలవ్వ బట్టలు ఆరేస్తున్నట్టు నిలబడి ఉంది. తీగె మీద ఒక్క బట్టా లేదు.

"కమలవ్వా, జర ఇటు రా."

"నన్నెందుకు బిడ్డా? నాకు ఆకు నానబెట్టేదున్నది."

"రోజు మా సాయమాన్ల కూసొనే బీడీలు చేస్తవు. నా బిడ్డ నీ ముందట్నే ఆడుతది. నేను డ్యూటీకి పోయినంక ఈ ఇంట్ల నన్నేమంటరు?"

కమలవ్వ పోశవ్వ ముఖంలోకి చూసింది. అక్కడ ఏ సాయమూ దొరకలేదు. "చాట ముందట కూసున్నంక వంద ముచ్చట్లొస్తయ్ బిడ్డా. నోటికి తాళమేసుకుంటె చెయ్యి సుత నడువది."

"అన్నదా, అనలేదా?"

"గట్ల నిలదీస్తె..."

"అన్న!" పోశవ్వ నేల మీద అరచెయ్యి కొట్టింది. "కమలనెందుకు కాల్సుకతింటవ్? నన్నడుగు. అన్న. ముండ లేసిందా, ముండ తిన్నదా, ముండ పోయిందా అనుకుంట పొద్దుపుచ్చిన. నా కొడుకు పోయి ఏడాది తిరుగకముందె వాని కొలువుల నువ్వు నెత్తి దువ్వుకొని, పిన్నులు పెట్టుకొని పోతాంటె నాకింకో మాట రాలే. వాని లైటు ఏ గూట్లె ఉంటుండెనో ఆ గూడు ఇప్పుడు నువ్వే తుడుస్తానవట గదా? నాకు చెప్పిండ్రు."

సృజన చేతులు పిట్టగోడ మీద ఉన్నాయి. బొగ్గుబాయిలోకి దిగేవాళ్ళకు నెత్తిలైట్లు ఇచ్చే గది ఆమె డ్యూటీ. అక్కడ గోడ నిండా వరసగా గూళ్ళు, గూటికో నంబరు.

"చెప్పినోళ్ళు సగమే చెప్పిండ్రు," అంది. "ఆ నంబరు ఇప్పుడు కొత్తగ వచ్చిన ఒక పిలగానికి ఇచ్చిండ్రు. షిఫ్టుకోసారి ఆ లైటు నా చేత్తోనే తీసి వానికిస్తున్న. వాడు థాంక్స్ అంటడు. నేను దువ్వుకొని పోయేది గందుకు."

కమలవ్వ తీగెను పట్టుకుని నేల చూసింది.

"నేను పోనంటె ఈ క్వార్టరు ఎవ్వలిస్తుండె? నువ్వు తినే బుక్క ఏడికెళ్లి వస్తాంది?"

"అగో! బుక్క యాది చేసింది. ఇన్నవా కమలా? నా నోట్లె బుక్క మీద కన్నేసింది."

"ఇగ చాలు." నిరంజన్ ముందుకొచ్చాడు. "ఒప్పుకున్నది కదా, ఇంకా మాటలెందుకు? పిల్ల జమ్మికుంటల ఉంటది. అవ్వ చూసుకుంటది, మీ వదినె స్వరూప చూసుకుంటది. ఇంట్ల నలుగురు మంచిగ మాట్లాడుకుంటాంటె పిల్ల మంచి మాటలే నేర్చుకుంటది."

"నేను?"

"నువ్వు సెలవునాడు రా. బస్సెక్కితె ఎంతసేపు?"

రాత్రి ఫోన్లో తల్లి చెప్పినప్పుడు ఈ మాటే సృజనకు సరైనదిగా వినిపించింది. ఇప్పుడు పిల్ల గౌన్లు సంచిలో ఉండగా వింటే వేరేగా ఉంది. కొలువు ఎక్కేటప్పుడు అత్తను చూసుకుంటానని పెద్దల ముందు ఒప్పుకుంది. కొలువు విడిచిపెట్టలేదు, అత్తను విడిచిపెట్టలేదు. విడిచిపెట్టగలిగేది సారికను ఒక్కదాన్నే. రెండర్రల క్వార్టరులో ఇక తామిద్దరే మిగులుతారు, మాట మోసుకుపోయే పిల్ల కూడా లేకుండా.

సెలవుకోసారి వచ్చిపోయే మనిషిని పిల్ల ఏమని పిలుస్తుంది?

ఆమె అడుగుదామనుకునే లోపే నిరంజన్ సంచి భుజానికేసుకుని వంగి సారికను ఎత్తుకున్నాడు. చేతిలోని ఆకు జారి గడప మీద పడింది. సారిక కిందికి చూసింది. సంచిని చూసింది. మామ అడుగులు గేటు వైపు పడుతున్నాయని తెలిసిపోయింది. ఒక్కసారిగా నోరు తెరిచింది.

"ముండ! ముండ!"

మామ భుజం మీదుగా వెనక్కి వాలి, రెండు చేతులూ చాపి ఏడుస్తోంది.

"అయ్యయ్యో, తల్లిని పిలుస్తాంది," అంది కమలవ్వ. "అందుకో బిడ్డా."

సృజన పరుగున పోయింది. ఈసారి ఆ మాట చెవిన పడినా ఆగలేదు, చేతులు చాపింది. సారిక ఆ చేతుల్ని నెట్టేసింది. ఆమె కళ్ళు తల్లి తల పక్క నుంచి వెనక్కి పోతున్నాయి, సాయమాను మీదికి.

"ముండా!"

పోశవ్వ లేచి నిలబడింది. లేచేటప్పుడు చాట అంచు తగిలి ఆకులు నేలంతా చెదిరాయి.

"నన్నా?" అంది.

 పిల్ల అవునన్నట్టు ఇంకోసారి పిలిచింది, చేతులు ఆడిస్తూ.

"నన్నే. కమలా, నన్నే పిలుస్తాంది. నన్ను నేను గట్ల అనుకుంటనా? నువ్వేమన్న అన్నవా?"

"నీ మీద ఒట్టు పోశక్కా. నేనెందుకంట?"

"మరి దీనికి నా పేరు గిదని ఎవ్వలు చెప్పిండ్రు?"

సృజన తల తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం పోశవ్వ చూసింది.

అప్పుడే నిరంజన్ జేబులో ఫోను మోగింది. ఒక చేతిలో పిల్ల, భుజానికి సంచి. చెవికి పెట్టుకునే వీలు లేక బొటనవేలితో స్పీకరు నొక్కాడు.

"ఏమాయెరా? ఆ ముసలి ముండ పిల్లనిచ్చిందా లేదా?" సృజన తల్లి గొంతు వాకిలంతా వినిపించింది. "ముండకు భయపడకుమని చెప్పు సృజనకు. రోజు ఫోన్ల గంట సేపు ముండ గట్లన్నది ముండ గిట్లన్నది అని ఏడుస్తది గని, ముఖం మీద ఒక్క మాట అడగది..."

సారిక ఏడుపు ఆపింది. ఫోను వైపు చూసింది. తర్వాత, ఎవరో తనను ప్రశ్న అడిగినట్టూ దానికి జవాబు తనకు తెలిసినట్టూ, చూపుడువేలు ఎత్తి పోశవ్వను చూపించింది.

"ముండ," అంది. ఏడుపు నీళ్ళు చెంపల మీదుండగానే నవ్వింది కూడా.

నిరంజన్ ఫోను నొక్కేశాడు. ఆలస్యమైపోయింది.

పోశవ్వ అరుస్తుందని సృజన ఎదురుచూసింది. ఆమె మళ్ళీ చాట ముందు కూర్చుంది. చెదిరిన ఆకులను వంగి ఒక్కొక్కటే ఏరి చాటలో వేసుకుంటోంది.

"మంచి మాటలు నేర్పుతరు కొడుకా, జమ్మికుంటల," అంది తలెత్తకుండానే. "నలుగురు మంచిగ మాట్లాడుకుంటాంటె ఇన్న."

నిరంజన్ మెడ ఎర్రబడింది. "అవ్వ ఏదో కోపం మీద..."

"మా ఆయన పోయిన్నాడు మా అత్త నన్ను ఒక్కపారి అన్నది ఆ మాట. పీనుగ వాకిట్ల ఉండంగనే అన్నది. నేను చేదబాయి గట్టు దాక ఉర్కిన. వెనుకకు గుంజుకొచ్చిండ్రు." ఒక ఆకును వెలుగుకు పట్టి చూసి పక్కన పడేసింది. "అది ఏడ తాకుతదో నాకు తెలుసు. తెలిసే అన్న."

సృజన పిట్టగోడ మీద కూలబడింది. పిల్ల తప్పు చేయలేదు. రొట్టెకూ అరచేతికీ ఆకు అన్నట్టే, తనను ఎత్తుకునే ఇద్దరాడవాళ్ళకూ కలిపి ఒక్క మాట పెట్టుకుంది. పొద్దంతా ఒక గొంతు, మాపటిపూట ఇంకో గొంతు, విసుగు లేకుండా అదే మాట అందించాయి. 'అమ్మ అను, అమ్మ అను' అని తాను ఎన్నిసార్లు చెప్పలేదు! కానీ తాను తప్ప ఆ ఇంట్లో తనను 'అమ్మ' అన్నవాళ్ళు లేరు. నాయనమ్మను పిలిచే 'బాపమ్మ' అనే మాటైతే రాకేశ్ పోయినప్పటి నుంచి తన నోట సారిక ఒక్కసారీ వినలేదు.

లేచి అన్న చేతుల్లోంచి పిల్లను తీసుకుంది. గుండు మీద గంధం పెచ్చు తుడిచింది.

"సారికా, ఇటు చూడు. బా-ప-మ్మ. అగో, ఆడ కూసున్నది చూడు. బాపమ్మ."

ఆ మాట ఆమె నోట్లోనే కొత్తగా, గరుగ్గా తిరిగింది. సారిక తల్లి పెదవుల వైపే చూసింది. వేళ్ళతో పట్టుకుని సాగదీసింది. ఆట అనుకుని కిలకిలా నవ్వింది. తర్వాత పోశవ్వ వైపు తిరిగి, ఎంతో ముద్దుగా, తనకు తెలిసిన మాటే చెప్పింది.

పోశవ్వ కత్తెర అందుకుని ఆకు కత్తిరించబోయింది, అది వంకరగా తెగింది.

డ్యూటీ సైరను మోగింది. కాలనీ కుక్కలన్నీ దానితో పాటు గొంతెత్తాయి.

"తేల్చు," అన్నాడు నిరంజన్. "ఏం చేద్దాం?"

"డ్యూటీ దిగినంక చెప్త. కారు పక్కకు పెట్టుకో."

"అప్పటిదాక పిల్లను మల్ల గీ ఇంట్లనే పడేస్తవా?"

"ఏడ పడెయ్యాలె మరి?" సృజన అన్న కళ్ళలోకి చూసింది. "నువ్వు చెప్పు. ఏ ఇంట్ల?"

నిరంజన్ సంచిని గేటు పక్కన దించి, కారులో కూర్చుని తలుపు గట్టిగా వేసుకున్నాడు. ఇంజను ఆపలేదు.

సృజన పిల్లను నేల మీద దింపింది. ఎవరి ఒడిలోనూ పెట్టలేదు. సారిక తడబడుకుంటూ నడిచి, ఆకుల మీద అడుగులేసుకుంటూ పోయి, చాట పక్కన తన జాగాలో తాను కూర్చుంది. పోశవ్వ దగ్గరికి లాక్కోలేదు, నెట్టనూ లేదు.

అద్దం ముందు సృజన జడ వేసుకుంది. పిన్నులు చేతిలోకి తీసుకుని ఆగింది. అద్దంలోంచి సాయమాను కనిపిస్తోంది, అక్కడి నుంచి చూస్తున్న కళ్ళూ కనిపిస్తున్నాయి. ఒక్కో పిన్నూ నింపాదిగా పెట్టుకుంది.

"సారికా, చెప్పు," అంది గడప దాటుతూ. "పాలు కాగినయి. చల్లార్చి తాపుమని చెప్పు." ఎవరికి చెప్పాలో మాత్రం అనలేకపోయింది; 'బయటున్నామె' నోటికి రాలేదు, 'బాపమ్మ' కూడా రాలేదు.

మెట్టు దిగింది. వాకిలి దాటింది. వెనక పిల్ల చేతి గాజులు గలగలమన్నాయి. తాను డ్యూటీకి పోయేటప్పుడు పిల్ల మణికట్టు పట్టుకుని టాటా ఊపించడం పోశవ్వకు రోజూ అలవాటే. ఆ చప్పుడు రోజూ వినేది. ఆ ఊపుతో పాటు పిల్ల చెవిలో ఏం చెప్తుండేదో ఈ రోజే తెలిసింది.

"అగో, చూడు సారక్కా." పోశవ్వ గొంతు గీరుకుపోయి ఉంది. "పోతాంది సూడు, మీ..."

సృజన చెయ్యి గేటు గొళ్ళెం మీదే ఉండిపోయింది. వెనక్కి తిరగలేదు.  కారులో నిరంజన్ ఏదో అరిచాడు, ఇంజను రొదలో అది ఎవరికీ అందలేదు.

సారిక నాయనమ్మ ఒళ్ళోకి పాకి, తలెత్తి, తెరుచుకోని ఆ పెదవుల మీద వేలు పెట్టి చూస్తోంది.